తుంటి మార్పిడి తర్వాత ఎక్స్‌రేలో తెల్ల మచ్చ: భయపడాలా?

ప్రశ్న: నాన్నగారికి 68 ఏళ్లు. రెండేళ్ల క్రితం కుడి తుంటి మార్పిడి చేయించాం. నొప్పి లేదు, బాగానే నడుస్తున్నారు. మొన్న చెకప్‌లో తీసిన ఎక్స్‌రే రిపోర్టులో ‘ఎడమ ఇలియంలో 6 మి.మీ. స్క్లెరోటిక్ మచ్చ, బోన్ ఐలాండ్ కావచ్చు’ అనీ, ‘కుడివైపు హెటరోటోపిక్ ఆసిఫికేషన్, బ్రూకర్ గ్రేడ్ 1’ అనీ రాశారు. డాక్టరుగారు వచ్చే వారం చూస్తారు. క్యాన్సరేమోనని అమ్మకు నిద్ర లేదు. తెలిసినవారు చెప్పండి.

జవాబు: రెండూ వేర్వేరు సంగతులండీ. ఇలియం అంటే కటి ఎముక పై భాగం; స్క్లెరోటిక్ అంటే గట్టిపడి ఎక్స్‌రేలో తెల్లగా కనబడేది. బోన్ ఐలాండ్ అంటే ఎముక లోపలి గుల్ల భాగంలో గట్టి ఎముక చిన్న ముద్దగా ఉండటం. కటి ఎముకల్లో తరచూ కనబడుతుంది, హాని చేయదు, మందు అక్కర్లేదు. ఆపరేషన్‌కూ దానికీ సంబంధం లేదు.

అయితే ఈ వయసు మగవారిలో ప్రోస్టేట్ క్యాన్సర్ ఎముకకు పాకినా తెల్ల మచ్చలే వస్తాయి. అందుకే పాత ఫిల్ము ముఖ్యం. ఆపరేషన్‌కు ముందు తీసిన కటి ఎక్స్‌రేలో రెండు వైపులా పడతాయి కదా, అందులోనూ ఆ మచ్చ అంతే ఉంటే చాలావరకు నిశ్చింత. కొత్తగా వచ్చినా, పెరిగినా, ఒకటికి మించి ఉన్నా పీఎస్ఏ (ప్రోస్టేట్‌కు చేసే) రక్తపరీక్ష, సీటీ స్కాన్ అవసరమా అని తప్పక అడగండి.

రెండోది, హెటరోటోపిక్ ఆసిఫికేషన్ అంటే కీలు చుట్టూ కండల్లో ఎముక ఏర్పడటం. 1973లో వచ్చిన బ్రూకర్ వర్గీకరణలో 4 గ్రేడులున్నాయి. గ్రేడ్ 1 అంటే అక్కడక్కడా చిన్న తునకలే, సాధారణంగా నడకకు అడ్డం రావు. గ్రేడ్ 4లో కీలు బిగుసుకుపోతుంది.

మరొకరి జవాబు: నేను ఫిజియోథెరపిస్టును. అందరూ తెల్ల మచ్చ చూసి హడలిపోతారు. నా దృష్టిలో అంతకంటే ముఖ్యం కృత్రిమ కీలులోని కప్పు (కటి గుంతలో అమర్చేది), స్టెమ్ (తొడ ఎముకలో దించే కడ్డీ) చుట్టూ, పట్టు సడలిందేమో చెప్పే నల్ల గీత ఉందా, ఏడాదికేడాది వెడల్పవుతోందా అన్నది. కప్పు లోపలి ప్లాస్టిక్ పొర (లైనర్) అరిగి రాలిన పొడి వల్ల చుట్టుపక్కల ఎముక కరిగిపోవచ్చు. చాలాకాలం నొప్పే తెలియదు. అందుకే బాగానే ఉన్నారు కదా అని చెకప్ ఎక్స్‌రేలు మానేయొద్దు, దయచేసి.

ప్రశ్న అడిగినవారు: బీరువాలో పాత ఫిల్ము దొరికిందండీ. ట్యూబ్‌లైట్‌కు పెట్టి చూస్తే అదే చోట మచ్చ ఉన్నట్టే ఉంది.

మొదటి జవాబు ఇచ్చినవారు: మంచి కబురు. కానీ కొలత మనం తేల్చకూడదు. రెండు ఫిల్ములూ రేడియాలజిస్టుకు ఇచ్చి, పాతదానితో పోల్చి రిపోర్టులో రాయమనండి. ఈలోగా గజ్జలో గానీ తొడలో గానీ నొప్పి, జ్వరం, కుట్ల దగ్గర వాపు కనబడితే మాత్రం వచ్చే వారం దాకా ఆగకండి.