పప్పు ఉడకని బోరు నీళ్లు, గార కట్టే గీజర్: ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ పెట్టించాలా?

ప్రశ్న (గోరంట్ల, గుంటూరు)

మేము చాలా కాలం బ్రాడీపేటలో అద్దెకు ఉండి, రెండేళ్ల క్రితం గోరంట్లలో అపార్ట్‌మెంటు కొనుక్కుని వచ్చాము. పాత ఇంట్లో కుళాయిలో కృష్ణా నీళ్లే వచ్చేవి కాబట్టి నీటి గురించి ఆలోచించవలసిన అవసరం ఎన్నడూ కలగలేదు. ఇక్కడికి వచ్చాక గీజర్ ఎలిమెంటును రెండుసార్లు మార్చాము. రెండోసారి మెకానిక్ దానిని బయటకు తీసినప్పుడు వేలి మందాన తెల్లటి గార కట్టి ఉంది, సుత్తితో తడితే పెంకులుగా రాలింది. స్టీలు బిందెల మీద, స్నానాల గది గోడల మీద తెల్లటి చారలు ఎంత తోమినా మళ్లీ వస్తున్నాయి. కందిపప్పు ఆరు కూతలు వచ్చినా మెదగడం లేదు.

ఈమధ్య ఒక విక్రేత వచ్చి, ఒక గ్లాసులో మా నీళ్లు, మరో గ్లాసులో తాను తెచ్చిన నీళ్లు పోసి, విద్యుత్ కడ్డీలున్న పరికరాన్ని ముంచారు. మా గ్లాసులో గోధుమ రంగు మడ్డి తేలింది, వారి గ్లాసు తేటగానే ఉంది. ఈ నీళ్లు తాగితే కిడ్నీలో రాళ్లు తప్పవని, ఇంటి మొత్తానికి సాఫ్ట్‌నర్ (నీటి కఠినత్వాన్ని తగ్గించే యంత్రం) పెట్టించుకుని ఆ నీటినే తాగవచ్చని చెప్పారు. మా అమ్మగారికి రక్తపోటు ఉంది, ఉప్పు తగ్గించమని డాక్టరు గారు చెప్పారు. ఏం చేయడం మంచిదో తెలిసినవారు దయచేసి చెప్పండి.

సమాధానం 1 (రసాయనశాస్త్రం బోధించే అధ్యాపకురాలు, విద్యానగర్, గుంటూరు)

ముందుగా ఆ గ్లాసుల విషయం చెబుతాను, ఎందుకంటే దానిని చూసి భయపడి డబ్బు పోగొట్టుకున్న కుటుంబాలను నేను ఎరుగుదును. ఆ పరికరంలోని కడ్డీలలో ఇనుము ఉంటుంది. నీటిలో లవణాలు ఉంటే విద్యుత్తు ప్రవహించి ఆ ఇనుమే కరిగి మడ్డిగా తేలుతుంది. విక్రేతలు సాధారణంగా తెచ్చేది ఆర్.ఓ. నీరు, అంటే సన్నటి పొర గుండా వడకట్టినది. అందులో లవణాలు బాగా తక్కువ కాబట్టి విద్యుత్తు సరిగా ప్రవహించదు, నీరు తేటగా ఉండిపోతుంది. ఆయన తెచ్చిన గ్లాసులో చిటికెడు ఉప్పు వేసి మళ్లీ ముంచమనండి, అందులోనూ మడ్డి తేలుతుంది. ఆ మడ్డి మీ నీటిలో ఉన్నది కాదు.

మీ ఇబ్బంది మాత్రం నిజమైనదే. నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల వల్ల కఠినత్వం వస్తుంది. సబ్బు వాటితో కలిసి నీటిలో కరగని తెట్టుగా మారుతుంది కనుకనే నురగ రాదు. భారతీయ ప్రమాణం ఐఎస్ 10500 (2012) ప్రకారం తాగునీటిలో కఠినత్వం లీటరుకు 200 మిల్లీగ్రాముల వరకు ఉండవచ్చు, మరో నీటి వనరు లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. కఠిన జలం ఆరోగ్యానికి హాని చేస్తుందనడానికి నమ్మదగిన ఆధారం కనిపించడం లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ పేర్కొన్నది. అందుచేత రాళ్ల భయంతో నిర్ణయం తీసుకోకండి. అమ్మగారి విషయంలో సందేహం ఉంటే వారి డాక్టరునే అడగండి.

కొనే ముందు కొలవండి. పెన్నులా ఉండే టీడీఎస్ మీటరు కఠినత్వాన్ని చెప్పదు, నీటిలో కరిగిన మొత్తం లవణాలను (టీడీఎస్ అంటే అదే) అంచనా వేస్తుంది. సాఫ్ట్‌నర్ గుండా వెళ్లిన నీటిలోనూ టీడీఎస్ దాదాపు అంతే ఉంటుంది, ఎందుకంటే అది కాల్షియాన్ని తీసి దాని స్థానంలో సోడియాన్ని వదులుతుంది. చుక్కలు వేసి చూసే కఠినత్వ పరీక్షా కిట్టు కావాలి, అందులో నీరు ఎరుపు నుంచి నీలంగా మారేవరకు పట్టిన చుక్కలను లెక్కపెడతారు. బోరు నీళ్లు, మున్సిపల్ కుళాయి నీళ్లు, వంటింటి కుళాయి నీళ్లు మూడింటినీ వేరువేరుగా పరీక్షించండి. తరువాత బోరు నీటిని పావుగంట మరగబెట్టి, చల్లార్చి, వడకట్టి, మళ్లీ కొలవండి. తగ్గినంత భాగం బైకార్బొనేట్ల వల్ల వచ్చిన తాత్కాలిక కఠినత్వం. మీ గీజర్‌లో గార కట్టేది ఆ భాగమే. మిగిలినది సల్ఫేట్లు, క్లోరైడ్ల వల్ల వచ్చేది, అది మరిగించినా పోదు.

పటిక వేస్తే కఠినత్వం తగ్గుతుందని మా వీధిలో చాలామంది నమ్ముతారు. పటిక గానీ, మన పెద్దలు బిందెల లోపల అరగదీసిన ఇండుప గింజ గానీ బురద నీటిని తేర్చుతాయి, కరిగిన కాల్షియాన్ని తీయలేవు.

సమాధానం 2 (అపార్ట్‌మెంటు సంఘం కార్యదర్శి, పటమట, విజయవాడ)

మా దగ్గర ఇదే గొడవ చాలా కాలం నడిచింది, చివరికి కారణం సంపులో దొరికింది. మున్సిపల్ నీళ్లు, బోరు నీళ్లు రెండూ ఒకే సంపులో కలిసి పైట్యాంకుకు వెళ్తున్నాయి. మున్సిపల్ సరఫరా తగ్గిన రోజు బోరు మోటారు ఎక్కువసేపు నడవడంతో ఒక్కో వారం ఒక్కో రకం నీళ్లు వచ్చేవి. మేము సంపులో అడ్డుగోడ కట్టించి, మున్సిపల్ నీటికి పైన వేరే చిన్న ట్యాంకు పెట్టి, దాని నుంచి ప్రతి ఇంటి వంటింటికీ, గీజర్‌కూ విడిగా పైపు వేశాము. మరుగుదొడ్లకు, నేల కడగడానికి, మొక్కలకు బోరు నీళ్లే వెళ్తున్నాయి. ఇంటింటా సాఫ్ట్‌నర్ పెట్టించే ఖర్చుతో పోలిస్తే పైపుల పనికి మాకు తక్కువే అయింది, పైగా సాఫ్ట్‌నర్‌లో వేయవలసిన ఉప్పు బస్తాలు మోసే పని లేదు. పైపు వేసే స్థలం ఉందో లేదో మీ భవనం నక్షా చూసి తేల్చుకోవాలి.

గీజర్ ఉష్ణోగ్రతను 50 డిగ్రీల దగ్గర ఉంచండి. నీరు వేడెక్కే కొద్దీ గార ఎక్కువగా విడిపోతుంది.

సమాధానం 3 (గృహిణి, అరండల్‌పేట, గుంటూరు)

అన్నయ్యగారూ, పప్పు విషయం ఒక్కటే నేను చెప్పగలను. ఉడికించేటప్పుడే కాదు, నానబెట్టేటప్పుడు కూడా మంచినీళ్లే వాడాలి. కాల్షియం గింజలోకి వెళ్లిపోయాక ఎంత ఉడికించినా బద్ద మెత్తబడదు. గోంగూర, చింతపండు వంటి పులుపును పప్పు మెదిగాకే కలపండి, పులుపు కూడా ఉడకనివ్వదు. వంటసోడా వేస్తే త్వరగా మెదుగుతుంది, కానీ బి1 విటమిన్ నశిస్తుంది కనుక మా ఇంట్లో మానేశాము.

కుళాయి మూతికి కట్టిన తెల్లటి గార పోవాలంటే వెనిగర్‌లో తడిపిన గుడ్డను రాత్రంతా చుట్టి ఉంచితే చాలు, నిమ్మరసం కూడా పనిచేస్తుంది. వాటిని పాలరాతి మీద మాత్రం పడనివ్వకండి, రాయి మెరుపు పోతుంది. తలస్నానానికి మా అత్తగారు సబ్బు జోలికి వెళ్లక కుంకుడుకాయలే వాడేవారు, బోరు నీటిలో కూడా వాటి నురగ విరగడం నేను చూడలేదు.

ప్రశ్న అడిగినవారి జవాబు

అందరికీ నమస్కారం. అధ్యాపకురాలు గారు చెప్పినట్టు చుక్కల కిట్టు తెచ్చి కొలిచాను. లీటరుకు బోరు నీళ్లు 480 మిల్లీగ్రాములు, మున్సిపల్ కుళాయి 140, వంటింటి కుళాయి 390 వచ్చాయి. మరిగించిన బోరు నీళ్లు 300కు దిగాయి. అంటే వంటింట్లోకి వస్తున్నది చాలావరకు బోరు నీరే. మా అపార్ట్‌మెంటు సంపును తెరిపించి చూస్తే పటమట వారు చెప్పిన పరిస్థితే కనిపించింది. సాఫ్ట్‌నర్ నీటిలో సోడియం ఎంత చేరుతుందో చెప్పగలరా?

సమాధానం 1 మళ్లీ

కఠినత్వం 100 మిల్లీగ్రాములు తీసినప్పుడు సుమారు 46 మిల్లీగ్రాముల సోడియం చేరుతుంది. మీ బోరు నీటి 480 మొత్తం తీస్తే లీటరుకు దాదాపు 220 అవుతుంది. రోజుకు 2 లీటర్లు తాగితే 440 మిల్లీగ్రాములు, అంటే ఒక గ్రాముకు పైగా ఉప్పుతో సమానం. ఉప్పు రోజుకు 5 గ్రాములకు మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నది. అమ్మగారికి ఆ నీళ్లు తాగడానికి ఇవ్వకండి. వంటకు, తాగడానికి మున్సిపల్ నీటిని ఫిల్టరు చేసి వాడండి.

ప్రశ్న అడిగినవారి జవాబు

ధన్యవాదాలు. వచ్చే ఆదివారం సంఘం సమావేశంలో వేరు పైపు ప్రతిపాదన పెడుతున్నాను, సాఫ్ట్‌నర్ ఆలోచన మానుకున్నాము. అంతవరకు మున్సిపల్ నీళ్లు వచ్చే వేళకు రెండు బిందెలు పట్టి వంటకు ఉంచుతున్నాము. నిన్న ఆ నీటిలోనే నానబెట్టి, ఆ నీటిలోనే పొయ్యి మీద పెట్టిన కందిపప్పు మూడు కూతలకే మెదిగింది.