చెట్టు కింద ప్లీడరుకి కేసులు లేవని ఎవరన్నారు?

ఒక ఇంగ్లీషు కథ తెలుగు చేస్తున్నానండీ. అందులో మామగారు అల్లుణ్ణి ‘బ్రీఫ్‌లెస్ బారిస్టర్’ అని దెప్పుతాడు. ‘కక్షిదారులు లేని న్యాయవాది’ అంటే గెజిట్ ప్రకటనలా ఉంది. ‘చెట్టు కింద ప్లీడరు’ అని వేసెయ్యొచ్చా?

— వెయ్యకండి. ఆ పేరుతో సినిమా (1989) వచ్చాక ఆ మాట అందరి నోటా ఆడుతోంది గానీ, రెండూ ఒకటి కావు. ఇంగ్లండులో పార్టీ నేరుగా బారిస్టరు దగ్గరికి వెళ్లేవాడు కాదు. సొలిసిటర్ దగ్గరికి వెళ్తే, ఆయన కాగితాలన్నీ సిద్ధం చేసి, నాడా కట్టి బారిస్టరుకి పంపేవాడు. ఆ కట్టే బ్రీఫు. మీ అల్లుడుగారికి విగ్గు, గౌను, గది అన్నీ ఉంటాయి, బల్ల మీద ఆ కట్ట ఒక్కటే ఉండదు.

మన చెట్టు కింద ప్లీడరుకి లేనిది గది. మా ఊరి కోర్టు ఆవరణలో వేపచెట్టు కింద ఒకాయన కూర్చునేవారు. ఒక మడత కుర్చీ, పక్కన టైపు మిషను, సైకిల్ హ్యాండిలుకి తగిలించిన నల్లకోటు. పదిన్నరయ్యేసరికి అఫిడవిట్లకీ నోటీసులకీ జనం మూగేవారు. ఎదురుగా మేడ మీద బోర్డు పెట్టినాయన మటుకు పేపరు చదువుకుంటూ కనిపించేవారు. ఎవరు బ్రీఫ్‌లెస్ చెప్పండి?

గాంధీగారి సంగతే చూడండి. ఇంగ్లండులో బారిస్టరై వచ్చి, బొంబాయిలో మొదటి కేసుకి లేచి నిలబడ్డారు. నోరు పెగల్లేదు. తీసుకున్న 30 రూపాయల ఫీజు తిరిగిచ్చేశారు. తర్వాత రాజకోట వెళ్లి అర్జీలు రాస్తే నెలకి సుమారు 300 వచ్చేవని ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు. అర్జీలు రాయడమంటే నా లెక్కలో చెట్టు కింద పనే!

— బాగుంది మాస్టారూ. మరి ‘పార్టీల్లేని ప్లీడరు’ అంటే? మీరూ పైన పార్టీ అనే అన్నారుగా.

— కోర్టు చుట్టుపక్కల క్లయింటుని పార్టీ అనే అంటారు. బయటివాళ్లు మాత్రం ఇండిపెండెంటుగా నిలబడ్డాడేమో అనుకుంటారు. ‘కేసుల్లేని’ అనండి చాలు, మామగారి నోటికి సరిపోతుంది.

— సరే, ‘కేసుల్లేని ప్లీడరు’ ఖాయం చేస్తున్నా.

— బారిస్టరుని బారిస్టరుగానే ఉంచండి మహాప్రభో. లండన్ అల్లుడాయె!