కృష్ణా ముఖద్వారపు మడ అడవుల్లో నడకదారి వేయాలా, వద్దా?

పటమట వాసి, విజయవాడ:

కృష్ణా నది సముద్రంలో కలిసే హంసలదీవికి వారాంతాల్లో వెళ్లే జనం ఏటికేడు పెరుగుతున్నారు. అందువల్ల అక్కడి మడ అడవులున్న కృష్ణా వన్యప్రాణి అభయారణ్యాన్ని జాతీయ ఉద్యానంగా మార్చి, సముద్రతీరం వెంట పొడవైన నడకదారి వేయాలని కోరుతూ ప్రభుత్వానికి వినతిపత్రం ఇవ్వాలని మా నడక బృందం ఆలోచిస్తోంది. న్యూజిలాండ్‌లోని ఏబెల్ టాస్మన్ జాతీయ ఉద్యానం మాకు ఆదర్శం. విజయవాడ, గుంటూరు సభ్యులు తమ అభిప్రాయాలు తెలియజేయగలరు.

బ్రాడీపేట సభ్యురాలు, గుంటూరు:

పటమట వాసి గారూ, నడకదారి కావాలన్న మీ మాటను నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను. జాతీయ ఉద్యానంగా మార్చాలన్న మాటను మాత్రం సమర్థించలేను. 1989లో అభయారణ్యంగా ప్రకటించిన ఈ 194 చదరపు కిలోమీటర్ల ప్రాంతం కృష్ణా జిల్లాతో ఆగిపోదు. నది దాటి రేపల్లె వైపు, ఇప్పటి బాపట్ల జిల్లాలోకి కూడా విస్తరించి ఉంది. దాని పాయల్లో వల వేసి, పీతలు పట్టి బతికే కుటుంబాలు రెండు ఒడ్డులా ఉన్నాయి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం అభయారణ్యంలో స్థానికుల హక్కులను కొంతవరకు కొనసాగనిచ్చే వీలుంది. జాతీయ ఉద్యానంలో ఆ వీలు చాలావరకు మూసుకుపోతుంది, పశువులను మేపడానికి కూడా అనుమతి ఉండదు. మనం సెలవు రోజుల్లో నడవడం కోసం వారి రోజువారీ బతుకును ఇరుకున పెట్టడం న్యాయం కాదు. పైగా నడకదారికి ఆ హోదా అవసరమే లేదు. కాకినాడ దగ్గరి కోరింగ 1978 నుంచి అభయారణ్యంగానే ఉంది. అక్కడ మడచెట్ల మధ్య వేసిన చెక్కబాట మీద వేలమంది నడుస్తున్నారు.

ఆ చెక్కబాటను నేను మెచ్చుకునేది అందం కోసం మాత్రమే కాదు. మడచెట్ల వేళ్లు గాలి కోసం బురదలోంచి పైకి పొడుచుకు వస్తాయి. వాటి మధ్య మనుషులు తిరిగితే వేళ్లు విరుగుతాయి, బురద గట్టిపడుతుంది, చెట్టుకు ఊపిరి అందదు. స్తంభాల మీద ఎత్తుగా వేసిన బాట కింద నుంచి పోటు నీరు యథాప్రకారం వచ్చి పోతుంది. నీరు తీసిన వేళ అక్కడ నిలబడితే బురద మీద గెంతే చిన్న చేపలు, ఒక పక్క కొండి మాత్రమే పెద్దదిగా ఉండే పీతలు కనిపిస్తాయి. పిల్లలు అక్కడి నుంచి ఒక పట్టాన కదలరు.

ఇక ఏబెల్ టాస్మన్ గురించి. 1942లో ఏర్పడిన ఆ ఉద్యానంలో తీరం వెంట 60 కిలోమీటర్ల బాట ఉన్న మాట నిజమే. అయితే దారిలో అవరోవా దగ్గర సముద్రపు పాయను, నీరు పూర్తిగా తీయడానికి గంటన్నర ముందు మొదలుకొని రెండు గంటల తరువాత వరకు మాత్రమే దాటగలరు. రాత్రి బసకు గది కావాలన్నా, గుడారం వేసుకోవాలన్నా ముందుగానే బుక్ చేసుకోవాలి. ఎవరు ఎప్పుడు నడవాలో అక్కడ సముద్రమూ నియమాలూ కలిసి నిర్ణయిస్తాయి. మనం అక్కడి నుంచి తెచ్చుకోవలసింది ఆ కట్టుబాటే గాని, బాట పొడవు కాదు. మన ఇసుక తీరం మీద జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెడతాయి; ఒడ్డున దీపాలు వెలిగితే గుడ్లలోంచి వచ్చిన పిల్లలు సముద్రాన్ని వదిలి వెలుగు వైపు పాకుతాయి. కాబట్టి తీరం వెంట బాట వద్దు. మడ అడవిలో ఒకే ఒక్క పొట్టి చెక్కబాట చాలు.

అవనిగడ్డ మూలాలున్న సభ్యుడు, విజయవాడ:

గుంటూరు సోదరి గారి ఉద్దేశం మంచిదే కాని, పొట్టి బాటకైనా నేను అంగీకరించలేను. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో అయినవాళ్లను పోగొట్టుకున్న కుటుంబం మాది. మాకు మడ అడవి విహారస్థలం కాదు, కెరటానికి అడ్డంగా నిలిచే గోడ. ఈ రోజు బాట వేస్తారు, రేపు దాని దగ్గర వాహనాలు నిలిపే స్థలం కావాలంటారు, ఆ తరువాత హోటళ్లు, రిసార్టులు వస్తాయి. మాఘ పౌర్ణమి స్నానాలైన మరునాడు సాగరసంగమం దగ్గర ఇసుకలో ఎంత ప్లాస్టిక్ మిగులుతుందో చూసినవారికి ఈ భయం అర్థమవుతుంది. రాత్రివేళ చేపల కోసం తిరిగే బావురుపిల్లికి మనుషుల అలికిడి లేని చోటు కొంతైనా మిగలాలి. ఒకసారి తెరిచిన అడవిని మళ్లీ మూయడం చాలా కష్టం.

నాగాయలంక సభ్యుడు:

బాట వేసినా వేయకపోయినా, పడవ నడిపే పని, దారి చూపే పని మా ఊళ్ల కుర్రాళ్లకే ఇవ్వాలని వినతిపత్రంలో రాయండి. బయటి కాంట్రాక్టరు వస్తే మా పాయల్లోకి మేమే టికెట్ కొని వెళ్లవలసి వస్తుంది.

బ్రాడీపేట సభ్యురాలు, గుంటూరు:

అవనిగడ్డ సోదరుడి భయం సరైనదే; దానికి జవాబు చెప్పకుండా బాట అడిగే హక్కు మనకు లేదు. తీరప్రాంత నియంత్రణపై 2019లో వచ్చిన కేంద్ర ప్రకటన మడ అడవులను అత్యంత సున్నితమైన వర్గంలో చేర్చింది; వాటిలో నడకదారులను, ఆమోదం పొందిన తీరప్రాంత ప్రణాళికలో గుర్తించిన చోట్ల మాత్రమే అనుమతిస్తుంది. అందువల్ల బాట ఎక్కడ మొదలై ఎక్కడ ఆగాలో, వాహనాలు అభయారణ్యానికి బయటే ఎక్కడ ఆగిపోవాలో ఆ ప్రణాళికలోనే రాయించాలని మనం పట్టుబట్టాలి. సూర్యాస్తమయానికి ముందే బాట మూయాలి, దీపాలు పెట్టకూడదు.

పూర్తిగా మూసి ఉంచాలన్న వాదనను మాత్రం నేను ఒప్పుకోలేకపోవడానికి ఒక కారణం ఉంది. మడ అడవికి సముద్రపు నీటితో పాటు నది నుంచి మంచినీరూ ఒండ్రూ కావాలి. ఆ నీరు మన ప్రకాశం బ్యారేజి దాటి కిందికి వస్తేనే అందుతుంది. బ్యారేజికి ఎగువన నిలిపేసిన ప్రతి నీటిచుక్క ప్రభావం ఆ బురదలోని ఉప్పు శాతం మీద పడుతుంది. నది నీటిని సముద్రంలోకి వదలడం వృథా అని మన రెండు నగరాల్లో చదువుకున్నవాళ్లు కూడా అంటూ ఉంటారు. వారిలో కొందరైనా ఆ బాట మీద నిలబడి, ఆ నీరు ఏం పోషిస్తోందో కళ్లారా చూడాలని నా కోరిక.

పటమట వాసి గారూ, జాతీయ ఉద్యానం మాట తీసివేసి, నాగాయలంక సభ్యుడు అడిగిన షరతును మొదటి అంశంగా చేర్చండి. ఆ వినతిపత్రం మీద నేను సంతకం చేస్తాను.