అన్న పంపిన డబ్బు ఆగింది, పేరు ఏదో లిస్టులో ఉందట

ప్రశ్న (మెహదీపట్నం):
మా అన్న షార్జాలో ఏసీ మెకానిక్. చెల్లి ఇంటర్ ఫీజుకని పంపిన 40 వేలు నాలుగు రోజులైనా రాలేదు. అక్కడ కౌంటర్‌లో అడిగితే "నీ పేరు శాంక్షన్స్ లిస్టుతో కలిసింది, చెకింగ్‌లో ఉంది" అన్నారట. పేరు ముందు మహమ్మద్, ఆ తర్వాతది కూడా మా గల్లీలో నలుగురికి ఉన్నదే. అందులో ఒకాయన పొద్దున్నే పాల ప్యాకెట్లు వేస్తాడు! అమ్మీకి ఇంకా చెప్పలేదు, టెన్షన్ పడుతుంది. ఈ లిస్టు ఎవరిది? డబ్బు పోయినట్టేనా?

జవాబు (నల్లకుంట, రిటైర్డ్ బ్యాంకు ఉద్యోగి):
పోదు బాబూ. హోల్డ్ అంటే పేరు తేలేదాకా ఆపడం, ఫ్రీజ్ అంటే నిజంగా లిస్టులో ఉన్నవాడి డబ్బు స్తంభింపజేయడం. మీది హోల్డే.

శాంక్షన్స్ లిస్టు అంటే ఆంక్షలు పెట్టి డబ్బు ఆపాల్సినవాళ్ల పేర్లు. ఇది బహుశా ఐక్యరాజ్య సమితి భద్రతా మండలిది. 1999లో 1267 తీర్మానంతో తాలిబన్ల మీద మొదలైంది. తర్వాత అల్ ఖైదా, ఆపైన ఐసిస్ చేరాయి. జైష్-ఎ-మహమ్మద్ నాయకుడు మసూద్ అజర్ పేరు ఎక్కించడానికి మనవాళ్లు ఏళ్ల తరబడి తిరిగారు, చైనా అడ్డం పడుతూనే ఉంది, చివరికి 2019 మేలో ఎక్కింది. మన దగ్గర ఉపా (చట్టవ్యతిరేక కార్యకలాపాల నిరోధక) చట్టం 51ఎ సెక్షన్ కింద బ్యాంకులు ఈ పేర్లు చూసి తీరాలి.

ముందు చూసేది సాఫ్ట్‌వేర్. అరబ్బీ పేరును ఇంగ్లిష్‌లో నాలుగు రకాలుగా రాస్తారు కాబట్టి అక్షరం అటూ ఇటైనా పట్టేస్తుంది. తర్వాత మనిషి కూర్చుని పుట్టిన తేదీ, పుట్టిన ఊరు, పాస్‌పోర్టు నంబరు పోల్చాలి. ఆలస్యం అక్కడే. నా టేబుల్ మీదకొచ్చిన అలర్టుల్లో ఒక్కటీ నిజం కాలేదు, అయినా ప్రతిదానికీ ఫైలు రాశాను. అన్నను పాస్‌పోర్టు కాపీ, తండ్రి పేరు ఇమ్మనండి. టెన్త్ మెమోలో మహమ్మద్‌కు బదులు ఉత్త "ఎండీ" అని ఉంటే పాస్‌పోర్టుతో పేరు కలవదు, ఆ కాగితం మాత్రం చూపించొద్దనండి.

జవాబు (దిల్‌సుఖ్‌నగర్):
2013 ఫిబ్రవరి 21 సాయంత్రం బాంబులు పేలినప్పుడు నేను రోడ్డుకి అవతల ఉన్నాను. ఇలాంటి లిస్టులు వద్దని నా నోటితో అనలేను. కానీ ఆ బాంబులు పెట్టిన ఇండియన్ ముజాహిదీన్‌ను మన ప్రభుత్వం నిషేధించింది 2010లోనే కదా భాయ్. వాళ్లు ఆగలేదు, మీ చెల్లి ఫీజు ఆగింది.

ప్రశ్న అడిగినవారు:
శుక్రియా సార్. పాస్‌పోర్టు కాపీ ఇచ్చాక నిన్న పడ్డాయి. లేట్ ఫీజు 500 మాకే తగిలింది. వచ్చే నెలా ఆపుతారా?

నల్లకుంట:
ఆపొచ్చు. ఆ కాపీ ఫోన్‌లోనే ఉంచుకోమనండి.