అప్‌డేట్: ఎండకు పూత రాలిపోతున్న టమాటా మొక్కలు

టమాటా పూతంతా రాలిపోతోంది, ఎరువు చాలట్లేదా అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. మీలో కొందరు జవాబిచ్చినట్టు అసలు కారణం వేడే. పగలు 35 డిగ్రీలు దాటి, రాత్రి కూడా 24 కంటే తగ్గకపోతే పుప్పొడి సరిగా పనిచేయదు, పిందె కట్టదు. 50 శాతం షేడ్ నెట్ (ఎండను సగం ఆపే నీడ వల) కట్టి, మొదళ్ళ చుట్టూ ఎండుగడ్డి మందంగా పరిచాను. నీళ్ళు తెల్లవారుజామునే, ఆకుల మీద పడకుండా. యూరియా వేయమన్న సలహా మాత్రం పక్కన పెట్టేశాను. ఆకు గుబురుగా పెరుగుతుందే తప్ప పూత నిలవదు.

రాత్రుళ్ళు కాస్త చల్లబడ్డాక వచ్చిన పూత నిలబడింది, గుత్తికి రెండు మూడు పిందెలున్నాయి. ముందు కాయల అడుగున వచ్చిన నల్ల మచ్చ కూడా, నీళ్ళు ఒక క్రమంలో పెట్టాక కొత్తవాటికి రాలేదు. 30 డిగ్రీలు దాటితే ఎరుపు సరిగా రాదు కాబట్టి, రంగు తిరగగానే కోసి ఇంట్లో నీడన మగ్గబెడుతున్నా.