ఏడిపించినవాడి కన్నీళ్లు మనకెందుకు చూపించాలి? జపాన్ డ్రామాల మీద ఒక చర్చ

వెన్నెల:
2019లో జపాన్ టీవీ ఛానెల్ టీబీఎస్‌లో వచ్చిన ‘నాగి నో ఓయితోమా’ ఈ మధ్యే చూశాను. నాగికి 28 ఏళ్లు. ఆఫీసులో ఎవరు ఏ పని నెట్టినా కాదనలేదు. ఎదుటివాళ్ల మొహం చూసి మాట మార్చుకోవడమే ఆమె బతుకు. ప్రియుడు షింజీ లేవకముందే లేచి, తన రింగుల జుట్టును తిన్నగా చేసుకుంటుంది. ఒకరోజు అతను తోటి ఉద్యోగుల దగ్గర తన గురించి చులకనగా, పడక కోసమే కలుస్తున్నట్టు మాట్లాడటం చెవిన పడుతుంది. ఊపిరాడక కుప్పకూలిపోతుంది. తర్వాత ఉద్యోగం, ఫోను, అతను అన్నీ వదిలేసి టోక్యో శివార్లలో ఏసీ కూడా లేని పాత గదిలో దిగుతుంది. జుట్టును దాని మానాన వదిలేస్తుంది.

అంతవరకూ నాకు ఎంతో నచ్చింది. షింజీ వెతుక్కుంటూ వచ్చి ‘నువ్వు ఎప్పటికీ మారలేవు’ అని మొహం మీదే అంటాడు. బయటికెళ్లి వెక్కివెక్కి ఏడుస్తాడు. అక్కణ్నుంచి సగం కథ అతనిదే. షింజీగా వేసిన తకహాషి ఇస్సే నటనకి నాక్కూడా జాలేసింది. నా అభ్యంతరం అక్కడే. మాటలతో చంపేవాడిని ‘పాపం, ప్రేమ చూపించడం రాదు’ అన్నట్టు చూపిస్తే, అలాంటివాడితో వేగుతున్న అమ్మాయి ఇంకో ఏడాది ఓర్చుకుందాం అనుకోదా?

రాజు:
వెన్నెల గారూ, నేను ఒప్పుకోను. రాక్షసుడిని చూపిస్తే ‘మా ఆయన ఇలాంటివాడు కాదులే’ అని అందరూ ఊపిరి పీల్చుకుంటారు. ఆఫీసులో మంచివాడు, నవ్విస్తాడు, ఒంటరిగా ఏడుస్తాడు, అయినా ఆమెని నలిపేస్తాడు. చుట్టూ ఉండేవాళ్లు ఇలాంటివాళ్లే కదండీ.

2008లో ఫుజీ టీవీలో వచ్చిన డ్రామా ‘లాస్ట్ ఫ్రెండ్స్’ చూడండి. సొసుకే పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ ఉద్యోగి. ఇంట్లో మాత్రం ప్రియురాలు మిచిరు ఫోను తనిఖీ చేస్తాడు, కొడతాడు. అప్పట్లో అంత నేరుగా చూపించడం సాహసమే. కానీ చివరికి ఏం చేశారు? సొసుకే ఆత్మహత్య చేసుకుంటాడు. అంటే ఆమె అతని నుంచి బయటపడే భారం కథే తీసేసుకుంది. నాగి అలా కాదు, అతను బతికుండగా, ఏడుస్తుండగా, కావాలంటుండగా వద్దంటుంది. ఆఖరికి షింజీనీ ఎంచుకోదు, పక్కింటి గోన్‌నీ ఎంచుకోదు. అతని కన్నీళ్లు చూపించబట్టే ఆ ‘వద్దు’కి అంత బరువొచ్చింది.

ఒసాకా నుంచి సుధ:
ఇద్దరూ షింజీ గురించే కొట్టుకుంటున్నారు. నాగి ఎలా వెళ్లగలిగిందో ఎవరూ అడగలేదు. పెళ్లి కాలేదు, పిల్లల్లేరు, కాస్త దాచుకున్న డబ్బుంది. ఇక్కడి డ్రామాల్లో స్వేచ్ఛగా వెళ్లిపోయేది ఎక్కువగా ఇలాంటి అమ్మాయిలే. పెళ్లయ్యాక లెక్క వేరు. దంపతులిద్దరికీ ఒకే ఇంటిపేరు ఉండాలని చట్టం, 95 శాతం వరకూ మార్చుకునేది భార్యే. గృహహింస చట్టం 2001లో వచ్చింది. దెబ్బ పడకపోయినా, మనసును తీవ్రంగా గాయపరిస్తే కోర్టు రక్షణ ఉత్తర్వు ఇచ్చేలా చేసిన సవరణ అమల్లోకి వచ్చింది మాత్రం 2024 ఏప్రిల్‌లో.

నన్ను కదిలించింది 2024లో ఇక్కడి ప్రభుత్వ ప్రసార సంస్థ ఎన్‌హెచ్‌కేలో వచ్చిన ఉదయం సీరియల్ ‘తోరా ని త్సుబాసా’. జపాన్ తొలి మహిళా న్యాయవాదుల్లో ఒకరైన మిబుచి యోషికో జీవితం దానికి ఆధారం. మొదట్లోనే ఒక కేసు వస్తుంది. కొట్టే భర్త నుంచి విడాకులు అడిగిన భార్య, తల్లి గుర్తుగా మిగిలిన కిమోనో తిరిగి ఇప్పించమని కోర్టుకొస్తుంది. అప్పటి చట్టంలో భార్య ఆస్తి మీద పెత్తనం భర్తది. ఆ ఒక్క బట్ట కోసం ఆమె పడే ఆరాటం చూస్తే, మొగుడు మంచివాడా చెడ్డవాడా అన్నది వెనక్కి పోతుంది. వాడి చేతికి ఆ అధికారం ఇచ్చిందెవరు అన్న ప్రశ్న ముందుకొస్తుంది. షింజీ కథలో ఈ ప్రశ్న లేదు.

పాత సినిమాల పిచ్చి:
సుధ గారు చెప్పింది నిజమే. నేనింకో మాట కలుపుతాను. 2005లో వచ్చిన డ్రామా ‘హనా యోరి దాంగో’లో దోమ్యోజీ అనే కుర్రాడు హీరోయిన్ మీదకి స్కూలంతటినీ ఉసిగొల్పుతాడు, తర్వాత వాడే హీరో. వద్దన్నా వెంటపడితే చివరికి ప్రేమిస్తుందని చూపించిన మన సినిమాలతో పెరిగినవాణ్ని కాబట్టి నాకది వెంటనే తెలిసిపోయింది. అక్కణ్నుంచి నాగి దాకా రావడం చిన్న విషయం కాదు.

కృష్ణవేణి:
ఓర్పు అనగానే అందరూ ‘ఒషిన్’ (1983) సీరియల్ అంటారు. భర్త ఊరు సాగాలో అత్త పెట్టే బాధలు, అక్కడే బిడ్డ పోవడం అందరికీ గుర్తే. పసివాడైన కొడుకుని తీసుకుని ఆ ఇల్లు దాటిపోయింది కూడా ఒషినే. ఆ సంగతి ఎవరూ ఎత్తరు. భర్త కదలకపోతే తనే కదిలింది, ఎక్కడికెళ్లినా ఏదో ఒకటి అమ్మి బతికింది. చేతిలో పని ఉందా లేదా అన్నదే నేను ముందు చూస్తాను. ఏడుపులు తర్వాత.

వెన్నెల:
కృష్ణవేణి గారూ, అందుకే నాకు ‘నిగెహజి’ (2016) డ్రామా పదో ఎపిసోడ్ అంత ఇష్టం. మికురి అనే అమ్మాయి, హిరామసా అనే అతని ఇంట్లో కాగితం మీద పెళ్లాం, నిజానికి నెలకి 1,94,000 యెన్ల జీతం మీద ఇంటిపని చేస్తుంది. ప్రేమ పుట్టాక అతను నిజంగా పెళ్లి చేసుకుందామంటూ లెక్కల కాగితం ముందు పెడతాడు. ఎంత మిగులుతుందో అందులో ఉంది. మిగిలేది ఆమె జీతమే! ఇది ప్రేమ పేరుతో దోపిడీ అని అక్కడికక్కడే చెప్పేస్తుంది. హిరామసా దుర్మార్గుడు కాదు, ఏడవడు, అరవడు. అయినా అన్యాయం అన్యాయమే అని ఆ సీను చెబుతుంది. రాజు గారూ, మంచివాడు చేసే అన్యాయాన్ని అతని గుండెకోత చూపించకుండానే ఇంత బాగా చూపించగలిగినప్పుడు, షింజీకి అన్ని సీన్లు ఎందుకండీ?

రాజు:
హిరామసాకి చెబితే అర్థమవుతుంది కాబట్టి. కాగితం పక్కన పెట్టి వింటాడు. షింజీకి వినడమే రాదు. వినడం రానివాడి ఇంట్లో ఏం జరిగిందో, అందరూ ముసుగులేసుకుని తిరిగే ఆ కుటుంబంలో అతనెలా పెరిగాడో చూపించారు, క్షమించమని ఎక్కడా అడగలేదు. నాగి కూడా క్షమాపణ విని, నమస్కారం పెట్టి, తన దారిన తను పోతుంది.

ఒసాకా నుంచి సుధ:
రాజు గారూ, ఆమెకి పోవడానికి దారి ఉంది. చంకలో రెండేళ్ల పిల్లతో, పార్ట్‌టైమ్ జీతంతో ఉన్న నాగి కథ ఎవరైనా తీస్తే, అప్పుడు షింజీ ఏడుపు మనకి ఎలా వినిపిస్తుందో చెప్పండి.