ఓవరాల్ షీల్డు లెక్క: గోల్డ్ ముందా, మొత్తం మెడల్సా?

రాజోలు పీఈటీ (ప్రశ్న)

మండల స్థాయి స్కూల్ గేమ్స్ ఓవరాల్ షీల్డు తేల్చాలండి. ఒక స్కూలుకి 4 గోల్డ్, 1 సిల్వర్. ఇంకో స్కూలుకి 3 గోల్డ్, 6 సిల్వర్, 5 బ్రాంజ్. వీళ్లు గోల్డ్ చూడమంటారు, వాళ్లు మొత్తం చూడమంటారు. పైగా కబడ్డీ గెలిచినవాళ్లు పన్నెండు మందికీ మెడలో పడ్డాయి కాబట్టి పన్నెండు గోల్డ్స్ వేయాలని పేచీ. ఒలింపిక్స్, ఏషియన్ గేమ్స్‌లో ఎలా చేస్తారు? సెమీస్‌లో ఓడిన ఇద్దరికీ బ్రాంజ్ ఇవ్వచ్చా?

పాలకొల్లు స్కోర్ టేబుల్

కబడ్డీ పేచీ ముందు తీసేయండి మాస్టారూ. మెడల్స్ పట్టిక ఈవెంట్‌ని లెక్కపెడుతుంది, మెడల్ని కాదు, మెడల్ పడ్డ మెడలని అసలే కాదు. పారిస్ 2024లో మనకి 6 అని రాశారు కదా, అందులో హాకీ జట్టు మొత్తం కలిపి ఒక్కటే. మను భాకర్, సరబ్‌జోత్ సింగ్ ఇద్దరూ కలిసి కొట్టిన మిక్స్‌డ్ టీమ్ బ్రాంజ్ కూడా ఒక్కటే. రిలేలో హీట్స్‌లో (ఫైనల్‌కి ముందు రౌండ్లలో) మాత్రమే పరిగెత్తిన కుర్రాడికీ మెడల్ ఇస్తారు, పట్టికలో అంకె మారదు.

ఇక ర్యాంకు. ముందు గోల్డ్, అవి సమానమైతే సిల్వర్, అవీ సమానమైతే బ్రాంజ్. మూడూ సమానమైతే ఇద్దరికీ ఒకటే ర్యాంకు, తర్వాతి అంకె వదిలేస్తారు. పారిస్‌లో అమెరికా, చైనా రెండిటికీ 40 గోల్డ్స్. సిల్వర్ 44 ఉన్న అమెరికా పైకి, 27 ఉన్న చైనా కిందికి. ఈ పద్ధతి ఎంత కఠినమో చూడాలంటే మన సంగతే చాలు: 6 మెడల్స్‌తో మనం 71లో ఉంటే, ఒక్క అర్షద్ నదీమ్ గోల్డ్‌తో పాకిస్తాన్ 62లో ఉంది. మొత్తం చూసే అలవాటు ఎక్కువగా అమెరికా మీడియాది. 2008 బీజింగ్‌లో గోల్డ్స్ చైనావి ఎక్కువ, మొత్తం అమెరికాది ఎక్కువ, ఎవరి పట్టిక వాళ్లు వేసుకున్నారు. ఆ చైనా గోల్డ్స్‌లో కూడా మూడు తర్వాత పోయాయి, ముగ్గురు వెయిట్‌లిఫ్టర్ల పాత శాంపిల్స్ మళ్లీ పరీక్షిస్తే డోపింగ్ తేలి. అంచేత పాత పేపరు కటింగ్‌లో అంకె, ఇప్పటి అంకె కలవకపోతే కంగారు పడకండి.

ఈ లెక్కన మీ షీల్డు 4 గోల్డ్ వాళ్లదే.

అమలాపురం షటిల్

బ్రాంజ్ సంగతి ఆటని బట్టి, పోటీని బట్టి కూడా మారుతుందండి. షటిల్‌లో ఒలింపిక్స్‌కి మాత్రం సెమీస్ ఓడినవాళ్లు బ్రాంజ్ కోసం మళ్లీ ఆడాలి. సింధు టోక్యో బ్రాంజ్ అలా హీ బింగ్జియావోని ఓడించి తెచ్చుకున్నదే. వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో ఆ మ్యాచ్ లేదు. 2013, 2014లో సింధుకీ, 2022లో మన అమలాపురం సాత్విక్‌కీ, చిరాగ్‌కీ సెమీస్ ఓడగానే బ్రాంజ్ ఖాయం.

బాక్సింగ్‌లో సెమీస్ ఓడిన ఇద్దరికీ ఇచ్చేస్తారు. ఏషియన్ గేమ్స్ కబడ్డీ కూడా అంతే, 2018లో మన మగవాళ్ల జట్టుకీ పాకిస్తాన్‌కీ చెరో బ్రాంజ్ వచ్చింది. జూడో, రెజ్లింగ్‌లోనూ రెండు బ్రాంజ్‌లే గానీ ఊరికే రావు, రెపెచేజ్ (ఓడినవాళ్లకి ఇంకో అవకాశం) ఉంటుంది. రెజ్లింగ్‌లో ఫైనల్‌కి వెళ్లినవాడి చేతిలో ముందు రౌండ్లలో ఓడినవాళ్లు మళ్లీ ఆడతారు, అందులో గెలిచినవాడు సెమీస్ ఓడినవాడితో బ్రాంజ్‌కి తలపడతాడు. ఫైనల్ రోజు పొద్దున మళ్లీ బరువు చూస్తారు. వినేశ్ ఫోగట్‌కి సిల్వర్ ఖాయమనుకున్నది ఆ 100 గ్రాములకే పోయింది, చివరి స్థానం రాశారు.

మీకు టైమ్ లేకపోతే కబడ్డీ, షటిల్‌కి ఇద్దరికీ ఇచ్చేయండి. కానీ అన్ని స్కూళ్లకీ ఒకటే రూలు.

భీమవరం బార్‌బెల్

పాలకొల్లు గారితో ఒకచోట కలవను. ఈవెంట్ లెక్కే అయినా, ఈవెంట్ అంటే ఏమిటో పోటీ పెట్టేవాళ్లే తేలుస్తారు. వెయిట్‌లిఫ్టింగ్ చూడండి: వరల్డ్ చాంపియన్‌షిప్స్‌లో స్నాచ్‌కి (ఒకే ఊపులో తలపైకి ఎత్తడం) ఒకటి, క్లీన్ అండ్ జెర్క్‌కి (ముందు భుజాల దాకా, తర్వాత తలపైకి) ఒకటి, రెండూ కలిపిన టోటల్‌కి ఒకటి, మూడు మెడల్స్. ఒలింపిక్స్‌లో టోటల్‌కి ఒక్కటే. 2000 సిడ్నీలో కరణం మల్లీశ్వరి 110 ప్లస్ 130, మొత్తం 240 కిలోలకి బ్రాంజ్. పైనున్న ఇద్దరూ 242.5 దగ్గర సమానం, శరీర బరువు తక్కువున్న అమ్మాయికి గోల్డ్. ఇప్పుడా రూలు లేదు, ఆ టోటల్ ఎవరు ముందు ఎత్తితే వాళ్లదే.

స్కూల్ షీల్డుకి అసలు మెడల్స్ పట్టికే సరికాదని నా మాట. గోల్డ్‌కి 5, సిల్వర్‌కి 3, బ్రాంజ్‌కి 1 చొప్పున 5-3-1 పాయింట్లు వేస్తే మీ మొదటి స్కూలుకి 23, రెండోదానికి 38. చూశారా, ఫలితం తిరగబడింది! అందుకే సర్క్యులర్‌లో ముందే ఏం రాశారో తీసి చూడండి. రాసుంటే అదే, ఇప్పుడు మారిస్తే గొడవ.

రాజోలు పీఈటీ

సర్క్యులర్‌లో 5-3-1 అనే ఉందండి, ఎవరూ చదవలేదు. హైజంప్‌లో ఇద్దరు ఒకే ఎత్తు దగ్గర ఆగారు, అది మిగిలింది.

పాలకొల్లు స్కోర్ టేబుల్

చివరిగా దాటిన ఎత్తులో ఎవరికి ఫెయిల్స్ తక్కువో చూడండి. సమానమైతే అక్కడిదాకా మొత్తం ఫెయిల్స్. అప్పటికీ సమానమై అది మొదటి స్థానమైతే జంప్-ఆఫ్, అంటే ఇద్దరినీ మళ్లీ దూకించి తేల్చడం. ఇద్దరూ వద్దంటే ఉమ్మడి గోల్డ్, టోక్యోలో బర్షిమ్, తంబేరి 2.37 మీటర్ల దగ్గర చేసింది అదే. అప్పుడు సిల్వర్ ఎవరికీ ఇవ్వరు, తర్వాతివాడికి బ్రాంజ్. రియోలో 100 మీటర్ల బటర్‌ఫ్లైలో ఫెల్ప్స్‌తో కలిపి ముగ్గురు 51.14లో తాకితే మూడు సిల్వర్లు ఇచ్చి బ్రాంజ్ మానేశారు. పాయింట్లు మాత్రం కలిపి పంచండి: 5, 3 కలిపి 8, చెరో 4. మిగిలిన సిల్వర్ మెడల్ షాపువాడు వెనక్కి తీసుకుంటాడేమో అడగండి, గోల్డ్ ఒకటి అదనంగా చేయించాలి మరి.